మన వడ్రంగి ఒప్పుకోని ఆరు సలహాలు

వెర్మాంట్, న్యూహాంప్‌షైర్ వైపు టింబర్ ఫ్రేమ్ ఇల్లు కట్టుకోవాలని ఉందా? లావుపాటి దూలాలనూ స్తంభాలనూ ఇనప మేకులతో పనిలేకుండా ఒకదాన్నొకటి కరిపించి నిలబెట్టే ఇల్లది. మూలనపడిన ఆ విద్యను 1970లలో అక్కడి వడ్రంగులు మళ్లీ పట్టుకున్నారు. టెడ్ బెన్సన్ 1980లో రాసిన పుస్తకం చాలామందికి దారి చూపింది. కింద చెప్పేవి వినడానికి తప్పుగానే ఉంటాయి. అయినా పాటించండి.

1. పచ్చి కర్రే కొనండి. మన దగ్గర టేకు బాగా ఆరితే గాని వడ్రంగి ముట్టుకోడు. తలుపులకు అదే సరైన పద్ధతి. లావుపాటి ఓక్ దూలం లోపలిదాకా ఆరాలంటే ఏళ్లు పడుతుంది, ఆరాక ఉలికి లొంగదు. అందుకే పచ్చిగా ఉండగానే చెక్కి నిలబెడతారు. ఆరేకొద్దీ అది అడ్డంగా ముడుచుకుంటుంది, పొడవు మాత్రం దాదాపు తగ్గదు. పైన బీటలు కనిపిస్తే వెంటనే పుట్టీ పెట్టించకండి. లావు దూలం ఆరేటప్పుడు బీటలు పడటం మామూలే.

2. బెజ్జాలు సూటిగా కలవనివ్వకండి. దూలం కొసను సన్నగా చెక్కి, స్తంభంలో తొలిచిన గాడిలోకి దూర్చి, అడ్డంగా చెక్క చీల దిగగొడతారు. కొసలోని బెజ్జాన్ని స్తంభం బెజ్జానికి ఎదురుగా కాక, దూలం వైపు సుమారు 3 మి.మీ. జరిపి వేయించండి. బాగా ఎండిన ఓక్ చీల సుత్తి దెబ్బలకు కొద్దిగా వంగుతూ దిగి, దూలాన్ని స్తంభంలోకి లాగి బిగిస్తుంది. తర్వాత కర్ర ముడుచుకున్నా ఆ బిగువు నిలుస్తుంది.

3. దూలాల మధ్య గోడ కట్టకండి. ఇంగ్లండ్ పాత ఇళ్లలో ఆ ఖాళీలను తడికెలు అల్లి, మట్టి మెత్తి నింపేవారు. చూడ్డానికి అందమే. కానీ కర్ర ముడుచుకున్న ప్రతిచోటా సందు పడి, చలిగాలి దూరుతుంది. చట్రమంతా ఇంటి లోపలే ఉంచి, చలికి దుప్పటి కప్పినట్టు బయటి నుంచి కప్పించండి. కర్ర పేళ్లను జిగురుతో అదిమి చేసిన రెండు ఓఎస్‌బీ పలకల మధ్య గట్టి నురుగు బిగించిన సిప్ ప్యానెళ్లు ఇందుకు బాగా పనికొస్తాయి. వాటికి ముందుతరం పలకలను విస్కాన్సిన్‌లోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ 1930లలోనే పరీక్షించింది.

4. ప్యానెల్ మందం కన్నా అతుకుల మీద ఎక్కువ ఖర్చు పెట్టండి. అలాస్కాలోని జూనోలో ఇలాంటి ప్యానెళ్ల పైకప్పులు కొన్ని అతుకుల దగ్గరే కుళ్లాయి. వంట, స్నానాల ఆవిరిని మోసుకొచ్చిన ఇంటి గాలి సరిగా మూయని సందుల్లోంచి పైకెక్కి, చల్లటి పై పలకకు తగిలి నీరైంది. టేపు, సీలెంట్, ఫోమ్ వేసేటప్పుడు దగ్గరుండి చూసుకోండి.

5. బయటి చెక్కలను గోడకు ఆనించి కొట్టకండి. ఎంత బాగా కొట్టినా కొంత వాన వాటి వెనక్కి చేరుతుంది. చేరిన నీరు కారిపోవాలి, తడి ఆరాలి. వాంకూవర్ ప్రాంతంలో 1980, 90లలో కట్టిన ఎన్నో చెక్క చట్రపు అపార్ట్‌మెంట్ల గోడలు ఆ దారి లేకే కుళ్లాయి. దాని మీద 1998లో బారెట్ కమిషన్ విచారణ జరిపింది. నిలువు బద్దలు కొట్టించి, వెనక కనీసం 10 మి.మీ. ఖాళీ వదలండి.

6. ఇల్లు సగంలో ఉండగానే పరీక్ష పెట్టండి. లోపలి పని మొదలుకాకముందు బ్లోయర్ డోర్ పరీక్ష చేయించండి. గుమ్మానికి ఫ్యాన్ బిగించి, ఇంట్లోని గాలిని బయటికి లాగుతారు. ఆ సమయంలో అతుకుల వెంట అరచెయ్యి పోనివ్వండి, చల్లగా తగిలినచోట సందు ఉన్నట్టే. అప్పుడైతే సీలెంట్‌తో పోతుంది. పనంతా అయ్యాక తెలిస్తే గోడలు విప్పాల్సి వస్తుంది.

చట్రం అందరికీ కనిపిస్తుంది కాబట్టి డబ్బంతా దాని నునుపుకే పెట్టబుద్ధవుతుంది. కానీ ఆ దూలాలు కుళ్లకుండా కాపాడేది కంటికి కనిపించని ఆ బయటి తొడుగే. బడ్జెట్ చాలకపోతే నగిషీ తగ్గించుకోండి, ఒక గది తగ్గించుకోండి. అతుకుల దగ్గర మాత్రం పైసా తగ్గించకండి.