ఎన్‌లివెన్ చేయండి, పోయేదేముంది

హుజూర్‌నగర్‌లో ఏ ఫంక్షన్ హాల్లో మైకు అందినా ఈ ఇంగ్లీషు క్రియను వదలకండి. ముందు పలకడం. రాసి ఉన్నట్టే 'ఎన్‌లివెన్' అనండి. నడుమ ఉన్నది 'లైఫ్', కాబట్టి 'ఇన్‌లైవన్' అనాలని ఇంగ్లీషు సార్లు సతాయిస్తారు. ముందొక 'ఎన్', వెనకొక 'ఎన్' కూర్చుంటే, కోదాడ బస్సులో ముగ్గురి సీటుకు నడుమ చిక్కినవాడిలా అందులో ప్రాణం ఒత్తుకుపోయింది. ఉండనివ్వండి.

కర్మ గురించి బెంగ వద్దు. ఇది సకర్మక క్రియ, దేనికి హుషారు తెస్తున్నామో చెప్పాలంటారు. మీరు 'ఐ యామ్ ఎన్‌లివెనింగ్' అని ఆగిపోండి. దేన్ని అని అడిగేవాళ్లంతా అప్పటికే బంతిలో కూర్చుని ఉంటారు. వెనకాల ఒక 'అప్' కూడా తగిలించండి. 'అప్' ఉత్త 'లైవెన్' పక్కనే ఒదుగుతుందని, దీనికి అక్కర్లేదని నిఘంటువు అంటుంది. నిఘంటువుకు పెళ్లిపత్రిక ఎవరిచ్చారు?

చప్పగా ఉన్నదానికి కాస్త చురుకు తేవడం వరకే దీని పని, చచ్చినదాన్ని లేపడం కాదు. మీకా తేడా ఎందుకు? సాగర్ ఎడమ కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయని రైతులు కూడిన చోటికి పోయి, రెండు జోకులతో ఎన్‌లివెన్ చేయండి. నారు ఎండుతున్నవాడు నవ్వకపోతే అది అతని తప్పు.

తిండి దగ్గరా పనికొస్తుంది. రేషన్‌లో సన్నబియ్యం 2025 ఉగాదినాడు మొదలైంది మన ఊళ్లోనే. ఆ అన్నంలో గోంగూర తొక్కు పడితే నాలుక లేచొస్తుంది కదా, అప్పుడు 'మంచిగ ఎన్‌లివెన్ అయింది అత్తమ్మా' అనండి. రెండో ముద్దకు తొక్కు రాదు.

అసలు తంటా మన మాటలతోనే. పెళ్లికి కళ, మాటకు రుచి, మందికి ఊపు అంటూ దేనికది వేరు. అన్నీ మానేసి ఒక్కటే వాడండి.

ఊరేగింపు ముందు చూడండి, డప్పు పెద్దాయన గడ్డి మంట వేసి, వంగి, డప్పు మొహాన్ని సెగకు తిప్పుతుంటాడు. వేలితో మీటి వింటాడు. బొద్దుగా పలికితే మళ్లీ మంటకే. తోలు బిగిసి కణకణమన్నాక గానీ చిర్ర చేతికి తీసుకోడు. టైం దండగ. డీజే పెట్టించండి.

'సెగ సూపకుంటే సప్పుడు రాదు బిడ్డా' అంటాడాయన. ఎన్‌లివెన్ అంటే ఏందో ఆయనకు వివరించండి. ఇంగ్లీషులో.