అచ్చుతప్పులకూ ఓ డిజైనరు

ప్రాడా వాళ్ల కొల్హాపురి చెప్పుల గొడవ సుఖాంతమైన దగ్గర్నుంచీ మన చీరల బ్రాండ్లకి పూనకం వచ్చింది. 2025 జూన్‌లో మిలాన్‌లో ఆ చెప్పుల్ని ఊరూ పేరూ చెప్పకుండా ర్యాంపు ఎక్కించారు. తిట్లు తిన్నారు. డిసెంబరుకల్లా మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాల తోలు సంస్థలతో ఒప్పందం రాసుకున్నారు: 2,000 జతలు, జత సుమారు 800 యూరోలు. మనవాళ్లు ఇందులోంచి ఏరుకున్న నీతి ఒక్కటే. చెప్పకుండా తీసుకుంటే దొంగతనం, తీసుకుని ఫొటో దిగితే భాగస్వామ్యం.

అందుకే ఇప్పుడు హైదరాబాదులో ఏ బొటిక్కు చూసినా పేరు పక్కన ఓ ఇంటూ గుర్తు, దాని పక్కన మా కలంకారీ అద్దకాల ఊళ్లలో ఒకదాని పేరు. ఫలానా మేడం ఇంటూ మచిలీపట్నం, అంటే మా బందరు. ఫలానా లేబుల్ ఇంటూ పెడన. మేం చదివిన ఎక్కాల్లో ఇంటూకి ఒకవైపు సున్నా ఉంటే జవాబు సున్నాయే. వీళ్ల ఎక్కం వేరు. పెడనవైపు సున్నా పెడతారు, జవాబు మాత్రం వాళ్లవైపు లక్షల్లో తేలుతుంది. బందరులోనో గుడివాడలోనో లెక్కల మాస్టారెవరైనా పూనుకుని ఈ సూత్రాన్ని నిరూపిస్తే లోకానికి మేలు.

ఆ బొటిక్కుల రీళ్లు మీరూ చూశారు. అన్నీ ఒక్కటే. కాలవగట్టున ఆరేసిన గుడ్డల మధ్య నుంచి మేడం నడిచొస్తారు. వెనకాల వీణ. అద్దకం బల్ల దగ్గర ఆగి, టేకు అచ్చు చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని వాసన చూస్తారు. పక్కనున్న పెద్దాయన "తిరగేసి పట్టుకున్నారమ్మా" అనే ఉంటాడు. అది ఎడిటింగులో పోయుంటుంది. ఆ పెద్దాయన పేరు ఎక్కడా కనపడదు. "మా కళాకారులు" అని మాత్రం వస్తుంది. మా అట! ఎప్పుడు మీవాళ్లయ్యారో, ఏ రిజిస్ట్రారాఫీసులో రాయించుకున్నారో!

రీలు అయిపోయాక ఆర్డరు ఎటు పోతుందో బందరులో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. శాంపిలు పెడనలో, సరుకు సూరత్‌లో. ఇంకా చవగ్గా దొరికితే సముద్రం అవతల. ఎందుకండీ అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: "పెడనలో క్వాలిటీ నిలకడగా ఉండదండీ." ఈ మీటరు ఎరుపు ఆ మీటరు ఎరుపులా లేదట. ఆకు అంచు దాటి రంగు ఒలికిందట. ఓ పువ్వు వెంట్రుకవాసి పక్కకి జరిగిందట.

జరుగుతుందమ్మా. గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెట్టి, తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ పులిసిన నీళ్లతో నల్లగీత అద్ది, ఎరుపు పట్టాల్సిన చోట పటిక అద్ది, పారే నీళ్లలో జాడించి, రాగిబానలో రంగుచెక్కలతో ఉడకబెట్టి తీసే సరుకు అది. ఎండ మారితే రంగు మారుతుంది. నీళ్లు మారితే రంగు మారుతుంది. కృష్ణ కాలవల చివర బతికేవాళ్లం, ఏ నెలలో ఏ నీళ్లొస్తాయో మా చేతుల్లో ఎప్పుడుంది గనక? దివిసీమ రైతు పంటకే లేని పూచీ పెడన అద్దకందారు ఎరుపుకి ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇంతవరకూ నాకు పెద్ద కోపం లేదు. మిషను గుడ్డ కావాలనుకున్నవాళ్లు మిషను గుడ్డ కట్టుకుంటారు, వాళ్లిష్టం. నా ఒళ్లు మండేది దీని తర్వాతి సంగతికి. పెడనలో తప్పులు వస్తున్నాయని సూరత్ దాకా పోయినవాళ్లు, అక్కడ ఏం అచ్చు వేయిస్తున్నారో తెలుసా? ఆ తప్పులే.

పెడన శాంపిలు గుడ్డని తీసుకెళ్లి స్కానరు మీద పరుస్తారు. గీత దాటి ఒలికిన ఆకుపచ్చ, రెండు అచ్చులు కలిసేచోట సన్నగా మిగిలిపోయిన తెల్లచార, ఎవరో పిలిస్తే అద్దేవాడి చెయ్యి ఆగినప్పుడు పడ్డ రంగుబొట్టు, అన్నీ కంప్యూటరులోకి ఎక్కుతాయి. అక్కడి కుర్రాడు బుద్ధిమంతుడై ఆ బొట్టు తుడిచెయ్యబోతే చెయ్యి పట్టుకుంటారు: "ఉంచు ఉంచు, హ్యాండ్‌మేడ్ లుక్!" పెడన బిల్లులో ఏ బొట్టుకైతే డబ్బు కోసేశారో, క్యాటలాగులో అదే బొట్టుకి డబ్బు ఎక్కువ వేస్తారు.

ఇక్కడో చిక్కొచ్చింది పాపం. మనిషి చేసిన తప్పు మళ్లీ అదే చోట పడదు. మిషను అలా కాదు, దానికి మహా క్రమశిక్షణ. కంప్యూటరులో ఉన్న ముక్క ఎన్నిసార్లు వస్తే ఆ తప్పూ అన్నిసార్లూ, మిల్లీమీటరు తేడా లేకుండా, అదే చోట వచ్చి కూర్చుంటుంది. చీర విప్పి పరిచి చూడండి. ఎనిమిది నెమళ్లుంటే ఎనిమిదింటికీ ఎడమకంటి కింద ఒకే చుక్క. పాత సినిమాల్లో తప్పిపోయిన అన్నదమ్ముల్ని కలిపే పుట్టుమచ్చలా, ఎనిమిది నెమళ్లకీ ఒక్కటే మచ్చ!

పోయిన పెళ్లిళ్ల సీజనులో గుడివాడలో ఓ కొట్లో చూశాను. సేల్స్ కుర్రాడు చీర విప్పి, ఆ చుక్క మీదే వేలు పెట్టి, "ఒరిజినల్ కలంకారీ అండీ, చూడండి, రంగు కాస్త జరిగింది" అన్నాడు. తప్పే సర్టిఫికెట్టు. అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె కళ్లజోడు సవరించుకుని, "ఈ నెమలికీ ఆ నెమలికీ ఒకే మచ్చేంటి నాయనా?" అంది. "అదేనండీ డిజైను" అన్నాడు వాడు. వాడు అబద్ధం చెప్పలేదు. నిజంగా అదే డిజైను. మా వాళ్ల చెయ్యి జారిన క్షణాన్ని కత్తిరించి, అతికించి, దాని కింద తన పేరు రాసుకోవడాన్నే ఇవాళ డిజైను అంటున్నారు.

పోనీ ఆ గుడ్డయినా నూలుదా? చాలాచోట్ల పాలిస్టరు. కాగితం మీద అచ్చు వేసి, వేడిమిషను కింద పెట్టి, రంగుని గుడ్డకి ఎక్కిస్తారు. కరక్కాయకీ దానికీ జన్మలో చుట్టరికం లేదు. అయినా చీటీ మీద "సహజ రంగుల స్ఫూర్తితో" అని ఉంటుంది. స్ఫూర్తి అన్న మాట ఒకటి దొరికింది వీళ్లకి, దాని కింద ఏదైనా దాక్కుంటుంది. ఇంకో చీటీ మీద "పెన్ కలంకారీ డిజిటల్ ప్రింట్" అని చదివి నా కళ్లు తుడుచుకున్నాను. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో, అచ్చుతో అద్దేది మా దగ్గర. కలమూ అచ్చూ రెండూ లేని చోట ఈ రెండు ఊళ్లకీ కలిపి పెళ్లి చేసేశారు.

ఇప్పుడు కాస్త సూటిగా మాట్లాడుకుందాం. అచ్చు చెక్కేవాడు ఉలి పట్టిన రోజు నుంచీ పోరాడేది ఈ జారుడుతోనే. గీతకి ఒక అచ్చు, ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. అన్నీ ఒకదాని మీద ఒకటి గీత చెదరకుండా కూర్చోవాలి. అలా కూర్చునేట్టు టేకుచెక్కలో తొలచడం ఏళ్ల సాధన. కూర్చునేట్టు అద్దడం ఇంకొకరి ఏళ్ల సాధన. మంచి పనివాడి చేతిలో అవి కూర్చుంటాయి కూడా. కుదిరిన అద్దకాలన్నీ పక్కన పడేసి, జారిన ఒక్క అద్దకాన్ని స్కాను చేసి, "ఇదే మచిలీపట్నం సంతకం" అని ఊరేగించడంలో నవ్వడానికేమీ లేదు. అది అవమానం. అచ్చు చెక్కినవాడు డిజైనరు కాడా? ఆ తీగ ఎక్కడ వంగాలో, ఆ పువ్వు ఎంత విచ్చుకోవాలో తేల్చింది ఎవరు? మేడం గారి ఐప్యాడా?

క్వాలిటీ పేరుతో మమ్మల్ని దబాయించడం వీళ్లతో మొదలవలేదు. ఒకప్పుడు సముద్రం అవతలి ఫ్యాక్టరీ మేమే. డచ్చివాళ్లు బందరు వచ్చి దిగారు, 1611లో ఇంగ్లీషువాళ్లు దిగారు. లండన్ నుంచి నమూనాలు ఓడలెక్కి కోరమండల్ తీరానికి వచ్చేవి, అద్దిన గుడ్డ ఓడలెక్కి పోయేది. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే కంపెనీ ఇంటూ బందరు. చివరికి ఏమైంది? ఫ్రాన్సు 1686లో ఈ అద్దకం గుడ్డల్ని నిషేధించి 1759 దాకా తలుపు తియ్యలేదు. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, చాలక 1721లో ఇంకో చట్టం చేసింది. సరుకు బాగాలేదని కాదు. బాగుందని. జనం ఎగబడి కొంటుంటే వాళ్ల నేతగాళ్ల మగ్గాలు ఆగిపోతున్నాయని. ఆ తర్వాత తీరిగ్గా వాళ్లే కాపీ కొట్టారు. 1760లో పారిస్ దగ్గర జూయ్‌లో అద్దకం ఫ్యాక్టరీ వెలిసింది. దొరల్ని మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: కాపీ కొట్టాలనుకున్నప్పుడు బాగా కుదిరిన అద్దకాన్నే కాపీ కొట్టాలన్న ఇంగితం వాళ్లకుంది.

మనవాళ్లు 2021 ఆగస్టులో డిజైనరు సబ్యసాచి, బట్టల కంపెనీ హెచ్ అండ్ ఎం కలిసి తెచ్చిన బట్టలప్పుడు దారి చూపించారు. చేతి అద్దకాల వాసన కొట్టే నమూనాలు, వేసింది మిషను, చీర 9,999 రూపాయలు, చూస్తుండగా సరుకు ఖాళీ. చేతివృత్తుల సంస్థలు బహిరంగ లేఖ రాశాయి. లేఖ చదివినవాళ్లకన్నా చీర దొరకలేదని ఏడ్చినవాళ్లే ఎక్కువ.

చట్టం లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. 1999 నాటి చట్టంలో తప్పుడు భౌగోళిక సూచికకి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా అని స్పష్టంగా రాసుంది. ఎనిమిది నెమళ్ల చీర అమ్మినందుకు ఎవరైనా ఒక్క రాత్రి లాకప్పులో పడుకున్నారని మీ చెవిన పడిందా? నా చెవిన పడలేదు. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవానికి నాయకులు కండువాలు వేసుకొస్తారు. వాటిలో ఎన్ని మచ్చలు ఒకే చోట ఉంటాయో దగ్గరికెళ్లి లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు.

ఎక్కడ చేశారో చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. డల్లాస్‌లో మా బంధువుల కుర్రాడొకడికి మడతకత్తుల పిచ్చి. వాడి దగ్గర స్పైడెర్కో అనే కంపెనీ కత్తులున్నాయి. కొలరాడోలో గోల్డెన్ అనే ఊరి కంపెనీ. బయటి డిజైనర్లు గీసిన కత్తుల్ని కూడా తయారు చేస్తుంది. కొన్నిటిని తైవాన్‌లో, కొన్నిటిని జపాన్‌లో చేయిస్తుంది. విదేశంలో చేయిస్తే నాణ్యత ఉంటుందా ఉండదా అని ఆ పిచ్చివాళ్లంతా రాత్రింబవళ్లు కొట్టుకుంటారట. వాడు ఫోన్లో ఓ కత్తి ఆకు దగ్గరగా చూపించాడు. ఉక్కు రకం పేరు చెక్కి ఉంది. తైచుంగ్, తైవాన్ అని చెక్కి ఉంది. ఇంకోదాని మీద సెకి సిటీ, జపాన్. బయటి డిజైనరు గీసిన కత్తయితే అతని గుర్తూ ఉంటుందన్నాడు. తైవాన్‌లో చేసిన కత్తుల పనితనం అమెరికా కత్తులకేమీ తీసిపోదని వాడే ఒప్పుకుంటాడు. అక్కడ నాణ్యత గురించి కొట్టుకోవడానికి దారి ఉంది. ఎందుకంటే ఎవరు గీశారో, ఎక్కడ చేశారో వస్తువు మీదే ఉంది. మంచయినా చెడ్డయినా ఆ ఊరి ఖాతాలో పడుతుంది.

మన దగ్గర లెక్క తలకిందులు. వాళ్లు తైవాన్‌లో చేయించి తైవాన్ అని చెక్కుతారు. వీళ్లు సూరత్‌లో వేయించి మచిలీపట్నం అని రాస్తారు. ఆ చీర మూడు ఉతుకులకి ముద్దయిపోతే కొన్నావిడ ఎవర్ని తిడుతుంది? మేడంని కాదు. "కలంకారీ ఇంతేనే తల్లీ" అంటుంది. లాభం ఒకరికి, శాపనార్థాలు మాకు. భాగస్వామ్యంలో మా వాటా అదన్నమాట.

పెడనలో మాత్రం స్క్రీన్ ప్రింటు లేదా, రసాయనపు రంగుల్లేవా అని ఎవరో ఒకరు లేస్తారు. ఉన్నాయి. ఏ షెడ్డు ఎప్పుడు స్క్రీన్‌కి మారిందో వెళ్లి అడగండి. బ్రాండ్లవాళ్లూ, మీరు మీటరుకి ఇచ్చే రేటు తెలిసిన రోజున మారింది. చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నుంచీ చట్టం ఉన్నా మీరు పండగ దాటించి, సంక్రాంతి దాటించి, "సరుకు వెనక్కొచ్చింది బాబూ" అన్న రోజున మారింది. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ వాళ్లని కదిపినా ఇదే కథ వేరే లోహంలో చెబుతారు. బందరు తొక్కుడు లడ్డుకి ఇంకా డిజైనరు రాలేదు, ఆ ఒక్కటీ దేవుడి దయ.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. చీర అంచున మీ బ్రాండు పేరు ఎలాగూ వేసుకుంటున్నారు. దాని పక్కన ఇంకో రెండు ముక్కలు వెయ్యండి: అచ్చు చెక్కిందెవరు, అద్దిందెక్కడ. పెడనలో అద్దితే పెడన అని. స్క్రీన్ అయితే స్క్రీన్ అని. మిషనయితే మిషను అని. వెయ్యడానికి మనసొప్పకపోతే మా ఊరి పేరు తీసేసి అమ్ముకోండి, కొనేవాళ్లు కొంటారు. సూరత్‌లో వేయించినదాని మీద సూరత్ అనే రాయండి. వాళ్లూ పగలూ రాత్రీ మిషన్ల దగ్గర నిలబడి పని చేసేవాళ్లే, వాళ్ల పనికి వాళ్ల ఊరి పేరు దక్కొద్దా?