ఐదు రోజుల సరుకు, ఏడాదికో పుట్టినరోజు

ప్లేట్‌లెట్ల తయారీ దాత చేతి నరం దగ్గరే మొదలవుతుంది. మూడు రోజుల్లోపు ఆస్పిరిన్ మింగినవారి రక్తం ఈ పనికి రాదు. తీసిన రక్తం 20–24 డిగ్రీల మధ్య ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ ఎక్కాలి. చలి తగిలిన ప్లేట్‌లెట్ ఆకారం మారిపోతుంది. దాన్ని ఎక్కించినా రోగి కాలేయం ఇట్టే ఏరిపారేస్తుంది.

మందు డబ్బా మీద ఎన్ని డిగ్రీల్లో దాచాలో, గడువు ఎప్పుడు తీరుతుందో అచ్చువేసే కంపెనీలు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో బోలెడు. వాటి గేటు ముందు నాయకుడి పుట్టినరోజుకు రక్తదాన శిబిరం శామియానా లేచిందంటే మాత్రం డిగ్రీలూ గడువులూ ఫ్లెక్సీ చాటుకు పోతాయి. పళ్లరసం, సర్టిఫికెట్, ఫొటో కుదిరితే శిబిరం దిగ్విజయం. సంచి ఐస్‌పెట్టెలో బిగుసుకుందా, ముంబై హైవే ట్రాఫిక్‌లో పొద్దు గడిపిందా అన్నది ప్రెస్‌నోట్‌కు ఎక్కని సంగతి. డెంగీ రోగులకు ఇక బెంగ లేదన్న భరోసా ఒక్కటే ఎక్కుతుంది.

సంచి సకాలంలో చేరిందనుకుందాం. మొదట మెల్లగా తిప్పుతారు. ఎర్రకణాలు అడుగుకు దిగి, ప్లేట్‌లెట్లున్న ప్లాస్మా పైన తేలుతుంది. దాన్ని పక్క సంచిలోకి మళ్లించి ఈసారి జోరుగా తిప్పితే ప్లేట్‌లెట్లు అడుగున పేరుకుంటాయి. పై ప్లాస్మాలో ఎక్కువ భాగం తీసేస్తే మిగిలేది 50–70 మిల్లీలీటర్లు. గంటసేపు కదల్చకుండా ఉంచి, ఆపైన ఊపే యంత్రం మీద పెడతారు. ఊపు ఆగితే ఆక్సిజన్ అందక, ఆమ్లం పెరిగి సరుకు చెడుతుంది. ఎంత ఊపినా ఆయుష్షు ఐదు రోజులే.

చిక్కంతా ఇక్కడే. వేరుచేసిన ఎర్రకణాలు పోషక ద్రావణంలో 42 రోజులు నిలుస్తాయి కాబట్టి వేసవి వేడుకలో ఇచ్చిన రక్తం వృథా కాదు. కానీ వానలు పడి, పాత డ్రమ్ముల్లో, టైర్లలో నీరు నిలిచి దోమలు లేచేనాటికి ఆ ప్లేట్‌లెట్ల ఊసే ఉండదు. డెంగీ దోమ నాయకుల జాతకాలు చూసి పుట్టదు మరి.

వార్డులో ఇంకో వేడుక. పరామర్శకు వచ్చినవారు "ఎలా ఉంది?" అనరు, "కౌంట్ ఎంత?" అంటారు. లక్ష దాటితే లడ్డూ, తగ్గితే వాట్సాప్‌లో దాతల వేట. రక్తస్రావం లేనప్పుడు డెంగీలో సాధారణంగా 10 వేల లోపు పడితేనే ప్లేట్‌లెట్ల ఆలోచన. 20 వేలు, అంతకంటే తక్కువ ఉన్న పెద్దవారికి ముందుజాగ్రత్తగా ఎక్కించినా రక్తస్రావం తగ్గలేదని సింగపూర్, మలేసియాల్లో చేసి 2017లో ప్రచురించిన పరీక్ష తేల్చింది. అసలు గండం రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోవడం. దాని జాడ చెప్పే హిమటోక్రిట్‌ను పలకరించే చుట్టం లేడు. మామూలుగా ఒక సంచి కౌంట్‌ను పెంచేది 5–10 వేలు. డెంగీలో అదీ త్వరగా కరిగిపోతుంది.

వార్డుకు చేరిన సంచిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, వెంటనే ఎక్కించాలి. చుట్టాలు తలుపు దగ్గరే కాపు కాస్తారు కనుక ఈ ఒక్క నియమానికి మాత్రం ఢోకా లేదు.