పదకొండు నెలల కంచె

కౌలు చేనుకు కంచె కట్టే రైతును పోల్చుకోవడానికి ఊళ్లో ఎవరినీ అడగనక్కర్లేదు. గట్టు మీద నిలబడి కంచె చూస్తే కౌలు ఎన్నాళ్లదో తెలిసిపోతుంది. పాత చీరలు చుట్టి ఉంటే నోటిమాట కౌలు, వచ్చే ఉగాదికి ఉంటుందో ఊడుతుందో. సర్కారు తుమ్మ కంప అడ్డం వేసి ఉంటే రెండో ఏడు నడుస్తోంది. సరుగుడు కర్రలకు ముళ్లతీగ లాగి ఉంటే ఆసామి అమెరికాలో ఉన్నాడు, ఇప్పట్లో రాడు. రాతి స్తంభాలు పాతి ఉంటే అతను కౌలు రైతే కాదు, ఆసామి బావమరిది.

కౌలు రైతు శత్రువు అడవిపంది. వేరుశనగ చేలో మంద ఒక్క రాత్రి దిగితే తెల్లారేసరికి దుక్కి దున్నినట్టు ఉంటుంది. పంది ఎంత తిన్నా ఆసామికి కట్టే కౌలు పైసా తగ్గదు. కాబట్టి కంచె ఖర్చు రైతే పెట్టుకోవాలి.

మొదటి ఏడు చీరలతో సరిపెడతాడు. ఎర్రచీరకు పంది జడుస్తుందని ఎవరో చెప్పగా భార్య పెట్టెలోంచి ఒకటి పట్టుకొస్తాడు. పెళ్లినాటి చీర తూర్పు గట్టు మీద గాలికి ఊగడం చూసి ఆవిడ ఆ పూట అన్నం వడ్డించదు. పంది మాత్రం నాలుగు రోజులు జడిసి, అయిదో రోజు కుచ్చిళ్ల కిందనుంచి దూరుతుంది.

రెండో ఏడు లెక్కల్లో పడతాడు. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 209 అడుగులు, చుట్టుకొలత 835. పదడుగులకొకటి చొప్పున 84 కర్రలు, మూడు వరసలకు 2,500 అడుగుల తీగ. నాలుగెకరాల చదరానికైతే చుట్టుకొలత 1,670 అడుగులే, అంటే ఎకరం మీద పడే ఖర్చు సగం. ఈ సంగతి తట్టిన రోజే పక్క కౌలుదార్ల దగ్గరికి వెళ్లి అందరం కలిసి ఒకే కంచె వేద్దామంటాడు. ముగ్గురూ సరేనంటారు. గేటు ఎవరి గట్టున పెట్టాలన్న దగ్గర మాట తెగక మరుసటేడు దాకా ఆగుతుంది. పైగా ఇతనికి దొరికే చేను ఏనాడూ చదరం కాదు. కాలువ పక్కన తోకలాంటి ముక్క, చుట్టూ ఎక్కువ, లోపల తక్కువ.

కాలం లెక్క ఇంకా కష్టం. 2019లో ఆంధ్రప్రదేశ్ చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకే, అదీ ఆసామి సంతకం పెడితే. 11 నెలల మనిషి తరాలు నిలిచే రాయి పాతలేడు. అందుకే పీకితే ఊడొచ్చేదే కడతాడు. కంచె తీగకు చిన్న షాకిచ్చే సోలార్ ఝట్కా మిషన్ అంటే ఇతనికి అంత మోజు ఎందుకంటే, అది భుజాన వేసుకుని పోవచ్చు. లైను నుంచి నేరుగా తీగకు కరెంటివ్వమనే సలహాదారు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. అది మనుషుల్ని చంపుతుందని తెలుసు గనక దాని జోలికి పోడు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్, అద్దెకున్నవాడు తాను బిగించుకున్నవి ఖాళీ చేసేలోగా విప్పుకుపోవచ్చంటుంది. అది విని పొంగిపోయేలోపు 117వ సెక్షన్ అడ్డొస్తుంది. ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఇవేవీ వ్యవసాయ కౌళ్లకు వర్తించవట. పట్నంలో అద్దె ఇంటివాడి ఫ్యానుకున్న పాటి భద్రత ముళ్లతీగకు లేదు.

ఉగాది ముందు ఆసామి ఫోను వస్తుంది.

"కంచె కూడా ఉన్న చేను కదయ్యా, ఎకరానికి ఇంకో రెండువేలు వెయ్యాలి."

"ఆ కంచె నాదేనండీ."

"కంచె నీదైతే కావచ్చు, చేను నాదే కదా."

కుదరకపోతే తీగను కర్రకు చుట్టి సైకిలు మీద పెడతాడు. చివరి కర్ర పీకుతుండగా మళ్లీ ఫోను మోగుతుంది. వెళ్లేముందు ఆ గుంటలన్నీ పూడ్చి పొమ్మని.