ఆరంభశూరత్వం: 45 రోజుల కోర్సు, డెమో ఉచితం

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల దొరకని కోర్సు లేదు. జావా ఉంది, ఒరాకిల్ ఉంది, టెస్టింగ్ ఉంది, పాత బోర్డు మీద కొత్తగా అంటించిన ఏఐ స్టిక్కర్ ఉంది. ఇన్ని నేర్పే పేటలో, వీటన్నిటినీ నడిపిస్తున్న రజోగుణాన్ని పద్ధతిగా నేర్పేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు.

ముందు నా అర్హతలు. ఉండేది బేగంపేట. అమీర్‌పేటకు మెట్రోలో ఒక్క స్టేషను. ఇప్పటిదాకా ముప్పై ఏడు డెమో క్లాసులకు హాజరయ్యాను, రెండో క్లాసుకు దేనికీ పోలేదు. ఇంట్లో ముప్పై ఏడు నోటుపుస్తకాలున్నాయి. ప్రతిదాంట్లో మొదటి పేజీ మీద శ్రీరామ, రెండో పేజీలో ‘ఇంట్రడక్షన్’, మూడో పేజీ నుంచి మా ఆవిడ రాసుకున్న పాలలెక్క.

థియరీ (దాటేయవచ్చు, అందరూ దాటేస్తారు)

సాంఖ్యుల లెక్కలో ప్రకృతికి గుణాలు మూడు. సత్త్వం తేలిక, వెలుగునిస్తుంది. తమస్సు బరువు, కప్పేస్తుంది. ఈ రెండూ తమంతట తాము అడుగు వేయలేవు. వాటిని కదిపేది రజస్సు. ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలో ఈ మూడింటి పనిని దీపంతో పోల్చాడు. నూనె, వత్తి, మంట ఒకదానితో ఒకటి పడనివే అయినా, కలిసి వెలుగునిస్తాయని వ్యాఖ్యాతలు విప్పి చెప్పారు. ఇందులోంచి మనం తీసుకోవాల్సిన నీతి ఒకటే: వత్తిని పూర్తిగా ఎగదోయండి. వెలుగు తగ్గి పొగ ఎక్కువవుతుంది నిజమే. కానీ వీధి చివరిదాకా కనబడేది పొగే కదా!

ఇక సిలబస్ గీత 14వ అధ్యాయంలోనే ఉంది. రజస్సు పెరిగిందనడానికి అక్కడ చెప్పిన గుర్తులు అయిదు: లోభం, పరుగులాట, పనులు మొదలుపెట్టడం, అశాంతి, ఆశ. మూడోదాన్ని ఇంకోసారి చదవండి. మొదలుపెట్టడం అని ఉంది గానీ, పూర్తిచేయడం అని లేదు. ఆంధ్రులు ఆరంభశూరులని ఎవరో ఎగతాళిగా అన్నారనుకుంటాం. శాస్త్రం తెలిసినవాళ్లే అనుంటారు.

చిట్కా 1: సిగ్నల్ దగ్గర సాధన

పంజాగుట్ట చౌరస్తాకు బండి మీద వెళ్లండి. ఎర్రదీపం పక్కన అంకెలు దిగుతుంటాయి. పది దగ్గర ఇంజిన్ రైజ్ చేయాలి. ఏడు దగ్గర తెల్లగీత దాటాలి. మూడు దగ్గర ముందున్న ఆటో వెనక హారన్ మోత మోగించాలి. ఒకటి వచ్చేసరికి చౌరస్తా మధ్యలో ఉండాలి. ఆరంభానికి ముందే ఆరంభించడం అంటే ఇదీ. అవతలి సిగ్నల్ దగ్గర మళ్లీ అదే ఆటో మీ పక్కనే వచ్చి ఆగుతుంది. డ్రైవరు మీ వంక చూసి నవ్వుతాడు. మీరు మాత్రం అంకెలే చూడండి.

చిట్కా 2: ఆహారం

చేదు, పులుపు, ఉప్పు, అతివేడి, కారం, ఎండుసరుకు, మంట పుట్టించేది: రాజసులకు ఇష్టమైన తిండి ఇదని గీత 17వ అధ్యాయం. మిరపకాయ ఈ దేశానికి రాకముందే మన సాయంత్రం టిఫిను జాబితా రాసిపెట్టారు. కోచింగ్ సెంటర్లు వదిలే వేళకు బజ్జీల బండి దగ్గర నిలబడండి. బండివాడు మూకుడులోంచి మిర్చిని తీసి, కత్తెరతో మధ్యకు చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ కూరి, నిమ్మచెక్క పిండి కాగితంలో పెట్టి ఇస్తాడు. చల్లారేదాకా ఆగినవాడు కోర్సుకు పనికిరాడు. రాజస సుఖం మొదట అమృతంలా ఉండి చివరికి విషమవుతుందని 18వ అధ్యాయంలో ఉంది. ఆ ముక్క మిర్చిబజ్జీ గురించి కాదని పండితులంటారు. వాళ్లు రాత్రి పదకొండింటికి మా ఇంట్లో ఈనో వెతుక్కోలేదు.

చిట్కా 3: కాలు ఊపడం

ఖర్చులేని సాధన. కుర్చీలో కూర్చుని కుడికాలి మడమ ఎత్తి మోకాలు ఆడించండి. బల్ల కదలాలి. పక్కవాడి టీ తొణకాలి. చిన్నప్పుడు అమ్మ ‘కాలు ఊపకురా, దరిద్రం’ అని తొడమీద చరిచేది. పతంజలి చరచలేదు, పేరు పెట్టాడు: అంగమేజయత్వం. మనసు చెదిరినప్పుడు దుఃఖం, దిగులు, ఎగశ్వాసలతో పాటు ఒళ్లు వణకడం కూడా వెంట వస్తుందని యోగసూత్రాల్లో ఉంది. ఆయన దృష్టిలో అది విక్షేపానికి తోడు. మన కోర్సులో అది హోంవర్కు.

చిట్కా 4: హాస్టల్‌లో చేరండి

యోగాన్ని పాడుచేసేవి ఆరు అని హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు చెప్పాడు: అతిగా తినడం, అతిగా శ్రమపడడం, వదరడం, నియమాల మీద మూర్ఖపు పట్టు, జనంతో సాంగత్యం, నిలకడలేనితనం. ఒక్కోదాన్ని వెతుక్కుంటూ ఎక్కడెక్కడో తిరగనక్కర్లేదు. ఎస్.ఆర్.నగర్‌లో ఫోర్ షేరింగ్ రూము తీసుకుంటే ఆరూ అద్దెలోనే కలిసి వస్తాయి. ఆదివారం చికెన్ అదనం.

చిట్కా 5: శాంతిని కూడా వదలకండి

అందరూ జారిపడేది ఇక్కడే. ‘ఇంక చాలు, మనశ్శాంతి కావాలి’ అనిపిస్తుంది. కంగారు పడకండి. శాంతిని కూడా కోర్సులా చేరండి. ఖరీదైన చాప కొనండి. మొదటి వారంలోనే శీర్షాసనం వేయండి. ఫొటో సరిగ్గా రాకపోతే మళ్లీ వేయండి. జూన్ 21 యోగా దినోత్సవం నాడు ముందువరసలో స్థలం పట్టండి. పక్కవాడి ప్రాణాయామం కంటే మీది కనీసం రెండు నిమిషాలు ఎక్కువ ఉండాలి. మెప్పు కోసం, మర్యాద కోసం చేసే తపస్సు రాజసమని, అది నిలవదని గీత చెప్పనే చెప్పింది. నిలవకపోతేనేం? చాప మడిచి అటక మీద పెట్టి, ఇంకో డెమోకు పోవచ్చు.

హెచ్చరిక: ఈ ఇంటి వైపు పోకండి

బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాద్‌కు తరలిపోయాయి. ఆ పాత విమానాశ్రయం దగ్గర రొనాల్డ్ రాస్ పేరు పెట్టుకున్న పాతకాలపు బంగళా ఒకటుంది. మన విద్యార్థులకు అది ప్రమాదకరమైన ప్రదేశం.

రాస్‌కు మన కోర్సుకు కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయి. సైన్యంలో వైద్యుడు. కవిత్వం రాశాడు, నవలలు రాశాడు, గణితం మీద పడ్డాడు. ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో ఏళ్ల తరబడి తగువు పెట్టుకున్నాడు. ఇంత రజస్సున్న మనిషి చెడిపోయింది ఎక్కడంటే, దోమ దగ్గర. మలేరియా క్రిమి కోసం ఒక దోమను కోసి చూశాడు, ఏమీ లేదు. ఇంకో దోమను కోశాడు. మనమైతే ఆ పాటికి ఈగల కోర్సుకు మారిపోయేవాళ్లం. ఆయన మళ్లీ దోమనే కోశాడు. గాలికి దోమ ముక్కలు ఎగిరిపోతాయని ఉక్కలో పంకా కూడా వేయించుకోలేదు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, మిగిలిన ఒక్క కంటికటకమూ పగిలింది. 1897 ఆగస్టు 20న దోమ పొట్టగోడలో మలేరియా క్రిమి కనబడింది. 1902లో నోబెల్ వచ్చింది.

ఆ మంటా మన మంటే. కాకపోతే అది ముప్పై ఏడు చోట్ల మండలేదు. ఈ సంగతి ఎక్కువసేపు ఆలోచించకండి. ఆరోగ్యానికి మంచిది కాదు, అంటే రజస్సు ఆరోగ్యానికి.

సర్టిఫికెట్

పరీక్ష ఒకటే. రెండో రోజు రాకపోతే పాస్. ఇప్పటిదాకా మా ఫలితాలు దాదాపు నూటికి నూరు. రెండో రోజు నేను కూడా వెళ్లను. ఒక్కసారి మాత్రం, మొదటి రోజు క్లాసు చెప్పిన గదిలో గొడుగు మర్చిపోయి, దానికోసం వెళ్లాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ముందు నిన్నటి నోటుపుస్తకమే, నిన్నటి పేజీయే. కాలు ఊపడం లేదు.

“ఏం బాబూ, కోర్సు అయిపోయింది కదా?” అన్నాను.

“నిన్న చెప్పింది సరిగ్గా అర్థం కాలేదు సార్. అదే ఇంకోసారి చెప్తారా?”

గుమ్మంలో నిలబడిపోయాను. ముప్పై ఏడు డెమోల్లో నేను ఎవర్నీ అడగని ప్రశ్న అది. అడిగితే ఏం చెప్తారో కూడా నాకు తెలియదు. గొడుగు తీసుకుని, రేపు రమ్మని చెప్పి వచ్చేశాను.

వచ్చే సోమవారం కొత్త బ్యాచ్ మొదలు. గది మాత్రం మార్చాం. ఆ కుర్రాడు మళ్లీ వస్తాడేమోనని భయం.