ఆఫ్రికా అనే ఊరు

ఆలేరు, జనగామ, భువనగిరి వైపు చదువుకుని మందుల కంపెనీలోనో, సిమెంటు కర్మాగారంలోనో, బోరు రిగ్గు మీదనో కొన్నేళ్ళ అనుభవం గడించినవాడికి ఆఫ్రికా ఖండం నుంచి ఉద్యోగం వచ్చి, అతని ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలు కూడా ఉన్నట్లయితే, ఆ కుటుంబంలో ఒక విచారణ సంఘం దానంతటదే కొలువుదీరుతుంది. ఈ సంఘానికి అధ్యక్షత వహించే చిన్నాయన దుబాయి దాటి ఎన్నడూ పోయి ఉండనక్కరలేదు. సభ్యులైన మేనమామలు, బావలు ఏనాడూ అట్లాసు తెరిచి ఉండనక్కరలేదు. జ్వరం వచ్చిన పిల్లను రాత్రంతా భుజాన వేసుకుని తిరగవలసిన తల్లికి మాత్రం ఇందులో మాట్లాడే హక్కు ఉండదు. ఇంతటి క్రమశిక్షణ గల సంస్థకు రాసిపెట్టిన శాస్త్రం లేకపోవడం లోటే కనుక, దాని సూత్రాలను క్రోడీకరించే సాహసం ఎవరో ఒకరు చేయక తప్పదు.

మొదటి సూత్రం ప్రకారం ఆఫ్రికా ఒక ఊరు. ఐక్యరాజ్య సమితిలో ఆ ఖండానికి 54 సభ్యదేశాలున్నాయనీ, దాని వైశాల్యం సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లనీ, అంటే భారతదేశానికి తొమ్మిది రెట్లనీ భూగోళ పుస్తకాలు చెబితే చెప్పవచ్చు గాక, "ఆఫ్రికాల ఎట్లుంటదిరా?" అన్న ప్రశ్నకు నైరోబీలో ఉన్న బావమరిది ఇచ్చిన జవాబే ఘానాకూ చెల్లిపోతుంది. నైరోబీ నుంచి ఘానా రాజధాని అక్రాకు నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం, అంటే ఆలేరు నుంచి దుబాయికి ఉన్నదానికంటే ఎంతో ఎక్కువ. దుబాయిలో వాన పడిందని ఆలేరులో గొడుగు తెరిచినవాడు మాత్రం ఇంతవరకు కనిపించలేదు.

ఊరన్నాక మంచి వీధి, చెడ్డ వీధి ఉంటాయి కాబట్టి రెండో సూత్రం ర్యాంకులకు సంబంధించినది. ఫోన్లలో తిరిగే "సురక్షితమైన పది దేశాలు" తరహా జాబితాల్లో కాస్త పరువైనది ప్రపంచ శాంతి సూచిక. 23 కొలమానాలతో 163 దేశాలను వరుసలో నిలబెట్టే ఈ సూచికలో సహారా ఎడారికి దిగువన ఉన్న దేశాల్లో మారిషస్ ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో ఉంటున్నది. హత్యల సంఖ్య, జైళ్ళలో ఉన్నవారి సంఖ్య, ఆయుధాల దిగుమతి, ఇరుగుపొరుగు దేశాలతో సంబంధాలు ఇందులో లెక్కకు వస్తాయి. ఒక దేశం ఎన్ని ఫిరంగులు కొన్నదో తెలుసుకోవడం రక్షణ మంత్రికి అవసరమే కావచ్చు గాని, అర్ధరాత్రి రెండేళ్ళ పిల్లకు ఒళ్ళు కాలిపోతున్నప్పుడు ఆ ర్యాంకు ఏ డాక్టరునూ నిద్ర లేపదు. పోనీ, పనికోసం వెళ్ళినవారి రక్షణే అసలు సంగతనుకుంటే, దానికి భారత ప్రభుత్వం దగ్గరే ఒక జాబితా ఉంది: పదో తరగతి పాస్ కానివారు పనికోసం వెళ్ళేముందు వలస సంరక్షణాధికారి అనుమతి తీసుకోవలసిన ఈసీఆర్ దేశాలు 18 కాగా, వాటిలో ఆఫ్రికావి లిబియా, సూడాన్, దక్షిణ సూడాన్. లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులు 2015 జులైలో అపహరణకు గురై ఏడాదికి పైగా బందీలుగా ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో సైన్యానికీ పారామిలిటరీ దళానికీ పోరు మొదలైనప్పుడు 'ఆపరేషన్ కావేరి' పేరిట 3,800 మందికి పైగా భారతీయులను ఓడల్లో, విమానాల్లో వెనక్కి తేవలసి వచ్చింది. ఈ జాబితాను సంఘం ఎన్నడూ చూడదు, ఎందుకంటే దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

జ్వరం విషయంలో తీర్పు మరీ క్లుప్తం: ఆఫ్రికా అంటే దోమ. మలేరియాకూ దోమకూ ఉన్న లంకె తేలింది ఆఫ్రికాలో కాదు. ఆలేరులో రైలెక్కినవారు దిగే సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న, రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అయితే సంఘం భయం అబద్ధమనడానికి వీల్లేదు. ప్రపంచంలో మలేరియా మరణాల్లో సుమారు 95 శాతం ఆఫ్రికా ప్రాంతంలోనే సంభవిస్తున్నాయని, వాటిలో నాలుగింట మూడు వంతులు ఐదేళ్ళలోపు పిల్లలవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అక్కడే పుట్టి పదేపదే ఆ జ్వరాన్ని తట్టుకున్న పెద్దలకు వచ్చే పాక్షిక నిరోధశక్తి కూడా ఆలేరు నుంచి వెళ్ళిన పిల్లకు ఉండదు. తప్పు భయంలో లేదు, భయాన్ని దేశాల వారీగా పంచడంలో ఉంది. దోమకు పాస్‌పోర్టు లేదు. దానికి తెలిసినవి ఎత్తు, వేడి, నిలవ నీరు. సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉన్న నైరోబీలో చలికి దోమ కడుపులోని పరాన్నజీవి ఎదుగుదల మందగించడం వల్ల మలేరియా తక్కువ. అదే కెన్యాలో విక్టోరియా సరస్సు ఒడ్డునున్న కిసుములో చాలా ఎక్కువ. 2,300 మీటర్లకు పైబడిన అడిస్ అబాబాలో ఆ బెడద లేదు, అదే ఇథియోపియాలోని పల్లపు ప్రాంతం గాంబెలాలో ఉంది. బోట్స్‌వానా రాజధాని గాబరోన్‌లో లేనిది ఉత్తరాన ఓకవాంగో చిత్తడి నేలల్లో ఉంది. కాబట్టి "కెన్యా మంచిదా, బోట్స్‌వానా మంచిదా" అన్న ప్రశ్నకు జవాబు లేదు. "కిసుములోనా, గాబరోన్‌లోనా" అని అడిగితే వైద్యుడు నోరు విప్పుతాడు, పిల్ల బరువు అడిగి ముందుజాగ్రత్త మాత్ర సంగతి చెబుతాడు, ఆ మాత్రల్లో పెద్దలకు చవకగా దొరికే డాక్సీసైక్లిన్ ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరని హెచ్చరిస్తాడు, మందు పట్టించిన దోమతెర కొనమంటాడు.

విచిత్రమేమంటే, ఇదే చిన్నాయనకు సొంత గడ్డ మీద ఈ లెక్క బాగా తెలుసు. ఆలేరులో మనవడికి ఫిట్స్ వస్తే భారతదేశపు వైద్య ర్యాంకు ఎంతని ఎవరూ అడగరు; భువనగిరికి పోవాలా, బీబీనగర్ ఎయిమ్స్‌కు పోవాలా, నేరుగా నిలోఫర్ పిల్లల ఆసుపత్రికే పోవాలా, ఈ వేళలో ఉప్పల్ దగ్గర ట్రాఫిక్ ఎట్లా ఉంటుంది అని క్షణంలో లెక్క గడతారు. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ చేతికి రాగానే ఈ తెలివి ఎటు పోతుందో పరిశోధించవలసిన విషయం.

నీటి ముచ్చట ఇంకా ఘనమైనది. ఆలేరు, భువనగిరి ఉన్న ఉమ్మడి నల్లగొండ జిల్లా పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది గుట్టల వల్లనో గుడుల వల్లనో కాదు, ఫ్లోరోసిస్ వల్ల. అంటే భూగర్భ జలంలో మోతాదు మించిన ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఒంట్లో చేరి పళ్ళు గారపట్టి, ఎముకలు బిగుసుకుని వంగిపోయే జబ్బు వల్ల. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన చవకైన పద్ధతి, అంటే నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి తిప్పి, తేరనిచ్చి, వడగట్టి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి, 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరుతోనే ఖండాలు దాటింది. అది చేరినచోట్లు టాంజానియా, కెన్యా, ఇథియోపియా: తూర్పు ఆఫ్రికాను నిలువునా చీల్చే రిఫ్ట్ లోయ అగ్నిపర్వత శిలల వల్ల అక్కడి బావుల్లోనూ బోర్లలోనూ ఫ్లోరైడ్ మెండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని చెబుతుండగా, టాంజానియా చాలాకాలం అంతకంటే ఎంతో ఎక్కువ అనుమతించవలసి వచ్చింది. చల్లగా ఉంటుంది, దోమలు తక్కువ, కిలిమంజారో కొండ దగ్గర, ఇంగ్లీషు బడులున్నాయి అని పిల్లలున్నవారికి అందరూ సిఫారసు చేసే అరూషా పట్టణం సరిగ్గా ఈ మండలంలోనే ఉంది. శాశ్వత దంతాలు చిగుళ్ళ లోపల తయారయ్యే వయసు ఎనిమిదేళ్ళలోపే కనుక, పళ్ళకు ఈ ముప్పు చిన్నపిల్లలకే ఎక్కువ. మూడు తరాలు ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన జిల్లా నుంచి వెళ్ళే కుటుంబం, తమ జిల్లా పేరు పెట్టుకున్న పద్ధతి చేరిన దేశానికి వెళుతూ, "అక్కడ చికెన్ దొరుకుతదా?" అని అడిగి నీళ్ళ సంగతి అడగకపోవడాన్ని మించిన వ్యంగ్యం ఏ రచయితా కల్పించలేడు.

బడి సంగతి సంఘం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది: అక్కడ అంతా ఇంగ్లీషేనట. మొజాంబిక్, అంగోలాల్లో పోర్చుగీసులో, సెనెగల్, ఐవరీ కోస్టుల్లో ఫ్రెంచిలో చదువు చెబుతారనీ, దక్షిణాఫ్రికాలో, జాంబియాలో తరగతులు జనవరిలోనూ, నైజీరియాలో సెప్టెంబరులోనూ మొదలవుతాయనీ, కాబట్టి జూన్ లెక్కకు అలవాటుపడిన పిల్ల ఎక్కడో ఒకచోట కొన్ని నెలలు కోల్పోవలసి వస్తుందనీ తెలుసుకునే ఓపిక సంఘానికి లేదు.

చివరికి వెలువడే తీర్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: "నువ్వు పో, పిల్లలు ఇక్కడనే ఉంటరు." భద్రత పేరిట వచ్చే ఈ తీర్పులోని 'ఇక్కడ' ఎంత భద్రమో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది: తెలంగాణలో ఆరు నెలలు నిండిన ఐదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత, ఐదేళ్ళలోపు వారిలో మూడోవంతు మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. పిల్ల కాస్త పెద్దదైతే నగర శివార్లలో తెల్లవారుజామున లేపి రాత్రి దాకా చదివించే హాస్టల్లో వేయడం భద్రత కిందికే వస్తుంది. పిల్లలను వెంటబెట్టుకుని దూరం పోవడం కొత్తేమీ కాదు; చంకన పిల్లతో ఆనకట్ట పనికి పోయిన పాలమూరు కూలీ తల్లికోసం ఏ విచారణ సంఘమూ కూర్చోలేదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ రేవు చేరినప్పటి నుంచి చెరకు తోటలకు వెళ్ళిన ఒప్పంద కూలీల్లో కొందరు తెలుగువారు పిల్లాపాపలతోనే వెళ్ళారు. వారి సంతతి 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభను స్థాపించుకుంది. ఆఫ్రికాలో తెలుగు పిల్లలు బతకలేరన్న వాదానికి వారి మునిమనవళ్ళే జవాబు, అయితే వారినీ సంఘం సంప్రదించలేదు.

నిజానికి చూడవలసిన కాగితం ఒకటే, అది ఆఫర్ లెటర్. "పని ప్రదేశం: కంపెనీ అవసరాన్ని బట్టి" అని రాసి ఉంటే, ఊరి పేరు లేని చోటుకు పిల్లను తీసుకుపోతున్నట్టు. "సింగిల్ స్టేటస్, ఏడాది తర్వాత ఫ్యామిలీ స్టేటస్" అని ఉంటే, మొదటి ఏడాది కుటుంబానికి వీసా, ఇల్లు, టికెట్టు, బీమా ఏవీ లేవన్నమాట. పెద్ద జబ్బు చేసినప్పుడు నైరోబీకో జోహన్నెస్‌బర్గ్‌కో విమానంలో తరలించే ఖర్చు కంపెనీదా, ఆ బీమా భార్యాపిల్లలకూ వర్తిస్తుందా అన్న వాక్యం లేకపోతే, జీతం డాలర్లలో ఎంత ఉన్నా అది ఒంటరివాడి జీతమే. ఈ మూడు వాక్యాలను రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోవడానికి చిన్నాయన అనుమతి అక్కరలేదు.

అన్నీ కుదిరాక ఆఖరి వారంలో గుర్తొచ్చేది ఎల్లో ఫీవర్ టీకా. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆ టీకా వేసి పసుపు కార్డు ఇస్తారు. ఆ కార్డు టీకా వేసిన 10 రోజుల తర్వాతనే చెల్లుతుంది, 9 నెలలు నిండని పిల్లకు సాధారణంగా టీకా వేయరు, కార్డు లేకుండా ఆ జ్వరం ఉన్న దేశం నుంచి తిరిగొచ్చిన ప్రయాణికుడిని 6 రోజుల దాకా విడిగా ఉంచే అధికారం భారత విమానాశ్రయ ఆరోగ్యాధికారికి ఉంది. టికెట్టు తేదీ వేయించే ముందు పిల్ల పుట్టిన తేదీ చూసుకోవాలి.