అప్పు కంపెనీది, కారెవరిదండీ?

లండన్‌లో సాలమన్ అనే బూట్ల తయారీదారు 1892లో తన వ్యాపారాన్ని తానే పెట్టిన కంపెనీకి అమ్ముకున్నాడు. వాటాలు 20,007. అందులో ఆయనవి 20,001. భార్యకి, కూతురికి, నలుగురు కొడుకులకి తలా ఒక్కటి. ఏడుగురు సభ్యులుండాలంది చట్టం. వీధిలోకి వెళ్లే పని లేకుండా ఇంట్లోనే సరిపోయారు! పైగా కంపెనీ తనకే 10,000 పౌన్లు బాకీ అని తనఖా పత్రం రాయించుకున్నాడు. మరుసటేడే కంపెనీ మునిగింది. అప్పులవాళ్లు లబోదిబోమన్నారు. కింది కోర్టులు మండిపడ్డాయి గానీ, 1896లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ తేల్చేసింది: సాలమన్ వేరు, ఆయన కంపెనీ వేరు.

అదే సభ 1925లో ఇంకో పెద్దమనిషికి ఇదే సూత్రం రెండోవైపు చూపించింది. ఐర్లండ్ ఆసామి ఒకాయన కలపంతా సొంత కంపెనీకి అమ్మి, బీమా మాత్రం తన పేరిట చేయించాడు. కలప తగలబడింది. కాలింది కంపెనీ కలప, నీకేం పోయిందని బీమా సొమ్ము రానివ్వలేదు.

మన ప్రమోటర్లు మొదటి కేసే చదివి పుస్తకం మూసేశారు. కారు కంపెనీది, షికారు అమ్మాయిగారిది. బాకీ అడిగితే ‘కంపెనీని అడగండి’. కంపెనీ ఎక్కడండీ? గేటుకి తాళం, వాచ్‌మన్‌కి జీతం బాకీ. 2013 కంపెనీల చట్టం ఏకవ్యక్తి కంపెనీకీ దారిచ్చాక బావమరుదుల్ని బతిమాలే బెడదా తప్పింది.

బ్యాంకులు గడుసువి, ప్రమోటరు చేత సొంత హామీ సంతకం పెట్టించుకుంటాయి. క్యాంటీన్‌కి పాలు పోసినవాడికి ఆ సంతకం ఎవరు పెడతారు?